పిల్లలకు కాలితే ఇంట్లో వెంటనే చెయ్యాల్సినవి, అసలు కాలకుండా చూసుకోవాల్సినవి

"పాప మీద వేడి నీళ్లు పడ్డాయి, ఏం రాయాలి?" అని చాలామంది అడుగుతూనే ఉంటారు. అందరి నోటా "ఏం రాయాలి" అనే మాటే. నిజానికి అడగాల్సింది "ఎంతసేపు నీళ్లు పోయాలి" అని.

నాకూ అప్పట్లో తెలియదు. మేం అనంతపురంలో ఉన్నప్పుడు, ఏడాదిన్నర వయసులో మా చిన్నోడు స్టూలు మీదున్న టీ గ్లాసు లాక్కున్నాడు. ఛాతీ, ఎడమ చెయ్యి కాలాయి. నేను చొక్కా కూడా విప్పకుండా ఎత్తుకొని వీధిలోకి పరుగెత్తాను. పక్కింటి అవ్వ "పేస్టు పూయమ్మా, సల్లగా ఉంటాది" అని ప్రేమగా తనే పూసింది. ఆసుపత్రిలో ఆ పేస్ట్ తుడిచేటప్పుడు వాడు ఏడ్చిన ఏడుపు టీ పడ్డప్పుడు కూడా ఏడవలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. నాలా ఇంకో అమ్మ కంగారులో సమయం పోగొట్టుకోకూడదని ఇదంతా వరుసగా రాస్తున్నాను.

ఇప్పుడే మీ బిడ్డకు కాలి ఉంటే మొదటి భాగం ఒక్కటి చదివి నీళ్ల దగ్గరికి వెళ్లండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

1. మొదటి 20 నిమిషాలు: ఈ వరుస తప్పొద్దు

1. బిడ్డను వేడికి దూరంగా లాగండి. స్టవ్ ఆపండి.
2. తడిసిన బట్టలు వెంటనే విప్పండి. వేడి నీళ్లు పీల్చుకున్న బట్ట ఒంటిని ఇంకా కాలుస్తూనే ఉంటుంది. డైపర్ ఉంటే అది మరీ ప్రమాదం, ముందు దాన్ని తీసెయ్యండి.
3. గాజులు, కడియాలు, పట్టీలు, మొలతాడు, దిష్టితాడు, కాలిన చోటికి దగ్గరగా ఏమున్నా తీసెయ్యండి. కాసేపట్లో వాపు వస్తుంది. అప్పుడు అవి బిగుసుకుపోయి రక్తం ఆడనివ్వవు.
4. బట్ట చర్మానికి అతుక్కుపోతే మాత్రం పీకొద్దు. చుట్టూ కత్తిరించి, అతుక్కున్న ముక్కను అలాగే వదిలి దాని మీదే నీళ్లు పోయండి.
5. కాలిన చోట చల్లటి నీళ్లు ధారగా 20 నిమిషాలు పోయండి. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. టెన్షన్‌లో రెండు నిమిషాలే పది నిమిషాల్లా అనిపిస్తాయి.
6. మిగతా ఒళ్లు పొడి తువాలుతో కప్పి ఉంచండి. కాలిన చోటు చల్లబడాలి, బిడ్డ కాదు.

వేడి వస్తువు దూరమయ్యాక కూడా చర్మం లోపల వేడి నిలిచి ఉంటుంది. అది కింది పొరలకు దిగుతూ ఉంటుంది. దాన్ని బయటికి లాగేది నీళ్లే. ఇరవై నిమిషాలు పోస్తే నొప్పి తగ్గుతుంది, గాయం లోతు తగ్గుతుంది, ఆ తర్వాత మచ్చ పడే అవకాశమూ తగ్గుతుంది.

"అప్పుడు పొయ్యలేదు, గంట దాటింది" అంటే ఇప్పుడు పోయండి. కాలిన 3 గంటల లోపు ఎప్పుడు పోసినా మేలే.

సంగటి ముద్దో, గంజో, పాకమో ఒంటికి అంటుకుంటే వేలితో గోకొద్దు. నీళ్లు ధారగా పోస్తే అదే జారిపోతుంది. ఇలాంటివి నీళ్లకంటే ఎక్కువసేపు వేడిని పట్టుకొని ఉంటాయి. కాబట్టి ఇక్కడ క్షణం కూడా ఆగొద్దు.

మూడు జాగ్రత్తలు:

- ఐస్ పెట్టొద్దు, ఐస్ నీళ్లూ వద్దు. కాలిన చర్మానికి అది ఇంకో దెబ్బ.
- చంటిబిడ్డను నీళ్ల టబ్‌లో మొత్తం ముంచొద్దు. ఒంటి వేడి పడిపోతుంది.
- ఒంట్లో పెద్ద భాగం కాలినా, బిడ్డ వణుకుతున్నా, మగతగా అయినా 20 నిమిషాల కోసం పట్టుబట్టొద్దు. నీళ్లు ఆపి, పొడిగా చుట్టి, 108కి ఫోన్ చెయ్యండి.

2. మన ఊళ్లలో నీళ్ల సంగతి

పుస్తకాల్లో "కుళాయి కింద పెట్టండి" అని ఒక్క ముక్కలో రాసేస్తారు. మన దగ్గర కుళాయి రోజూ రాని వీధులు ఎన్నో. ఇంకో చిక్కు కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తాయి. కాలిన బిడ్డ మీద ఆ నీళ్లు పోస్తే గాయం మీద గాయం.

అందుకని ముందు మీ చేతి మీద పోసుకొని చూడండి. వేడిగా ఉంటే ఆ కుళాయి వదిలెయ్యండి. ఇంట్లో ఇవి ఉంటాయి:

- కుండలో నీళ్లు. చల్లగా ఉంటాయి, ఐస్ అంత కాదు. చాలా మంచివి.
- సంపు నీళ్లు, నీడలో ఉన్న డ్రమ్ము నీళ్లు.
- తాగే నీళ్ల 20 లీటర్ల క్యాన్. నిమిషానికి ఒక లీటరు లెక్కన సన్నటి ధారగా పోస్తే సరిగ్గా 20 నిమిషాలు వస్తుంది. క్యాన్ అయిపోతుందని చూడకండి.

అసలే తక్కువ నీళ్లుంటే శుభ్రమైన నూలు గుడ్డ తడిపి కాలిన చోట వెయ్యండి. గుడ్డ వెంటనే వేడెక్కుతుంది కాబట్టి నిమిషానికోసారి మళ్లీ తడపాలి. ధార అంత పని చెయ్యదు కానీ ఊరికే ఉండడం కంటే ఎంతో నయం.

మా ఇంట్లో ఎండాకాలమంతా వంటగది మూలన మూత పెట్టిన రెండు బిందెల నీళ్లు విడిగా ఉంటాయి. వాటిని ఎవరూ వాడరు.

3. గాయం మీద రాయకూడనివి

టూత్‌పేస్ట్, ఇంకు, పసుపు, కొబ్బరి నూనె, నెయ్యి, వెన్న, దోసె పిండి, కోడిగుడ్డు తెల్లసొన, బూడిద, ఉప్పునీళ్లు, ఆకు పసరు. ఏదీ వద్దు.

నూనె, నెయ్యి, పేస్ట్ లాంటివి లోపలి వేడిని బయటికి పోనివ్వవు. పిండి, పచ్చి గుడ్డు, పసరు, బూడిద క్రిములను మోసుకొస్తాయి. పసుపు, ఇంకు రంగు పట్టేస్తాయి, డాక్టరుకు గాయం ఎంత లోతో తెలియకుండా పోతుంది. పైగా వాటిని కడగాలి, ఆ కడగడం బిడ్డకు నరకం.

మందుల షాపులో ఇచ్చే ఆయింట్‌మెంట్ కూడా డాక్టరు చూడకముందు రాయొద్దు. తెల్లటి సిల్వర్ క్రీము కాలిన గాయాల మందే. కానీ ముందే పూస్తే గాయం అసలు రూపు కనపడదు. రెండు నెలలు నిండని పసికందులకు దాన్ని అసలు వాడరు.

బొబ్బలు చిదమొద్దు. బొబ్బ మీది చర్మం కింది పచ్చి పుండుకు మూతలాంటిది. తీయాలా వద్దా అన్నది ఆసుపత్రిలో తేలుస్తారు.

ఇంట్లో పెద్దవాళ్లు "మా కాలంలో ఇదే రాసేవాళ్లం" అంటారు. వాళ్లతో ఆ సమయంలో వాదన పెట్టుకోవద్దు. "అవ్వా, నువ్వు నీళ్లు పొయ్యి, నేను బండి చూస్తా" అని చెంబు చేతికివ్వండి. మనసులో ఉన్న ఆత్రానికి ఒక పని దొరుకుతుంది.

4. కప్పడం, నొప్పి తగ్గించడం

నీళ్లు పోయడం అయ్యాక గాయాన్ని వదులుగా కప్పండి.

- ఆహారం చుట్టే పల్చటి పారదర్శక ప్లాస్టిక్ కవరు ఇంట్లో ఉంటే మొదటి చుట్టు తీసేసి, ఆ తర్వాతి ముక్కను గాయం మీద పరవండి. చుట్టూ బిగించి చుట్టొద్దు. ముఖం మీద వెయ్యొద్దు.
- అది లేకపోతే ఉతికి ఆరేసిన మెత్తటి నూలు పంచె ముక్క చాలు.
- చెయ్యి, పాదం అయితే శుభ్రమైన కొత్త పాలిథిన్ కవరు తొడగొచ్చు.
- దూది వద్దు. పోగులు పుండుకు అతుక్కుంటాయి.

నొప్పికి పారాసిటమాల్ సిరప్. మోతాదు బిడ్డ బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150 మిల్లీగ్రాములు అన్నమాట.

ఇక్కడ చాలామంది పొరబడతారు. ఒకే పేరుతో రెండు బలాల సీసాలు దొరుకుతాయి. 5 మిల్లీలీటర్లలో 125 ఉన్న సీసా అయితే ఈ బిడ్డకు 6 మిల్లీలీటర్లు. 250 ఉన్న సీసా అయితే 3 మిల్లీలీటర్లు. సీసా మీది అంకె చూడకుండా "ఒక మూత పొయ్యి" అనడం ప్రమాదం. డోసుకూ డోసుకూ మధ్య 6 గంటలు ఉంచండి, రోజుకు 4 సార్లు దాటొద్దు. మూడు నెలల లోపు బిడ్డకు డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దు. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు.

గాయం పెద్దదైతే దారిలో అన్నం, బిస్కెట్లు పెట్టొద్దు. మత్తు ఇచ్చి శుభ్రం చెయ్యాల్సి రావొచ్చు.

5. ఇంట్లో చూసుకోవచ్చా, ఆసుపత్రికి పోవాలా

కొలత మీ దగ్గరే ఉంది. బిడ్డ అరచెయ్యి, వేళ్లతో సహా, ఆ బిడ్డ ఒంట్లో దాదాపు నూటికి ఒక వంతు. మీ అరచెయ్యి కాదు, బిడ్డది.

ఎర్రబడి, బొబ్బ లేకుండా, ఆ అరచేతికంటే చిన్నగా ఉంటే ఇంట్లో చూసుకోవచ్చు. కింది వాటిలో ఒక్కటి ఉన్నా నీళ్లు పోసి బయల్దేరండి:

- బిడ్డ అరచెయ్యి కంటే పెద్ద గాయం, లేదా బొబ్బలు
- ముఖం, చెయ్యి, పాదం, కీళ్లు, మర్మస్థానం దగ్గర కాలడం
- చెయ్యికో కాలికో చుట్టూతా కాలడం
- చర్మం తెల్లగా, గోధుమ రంగులో, నల్లగా మాడి ఉండడం
- కరెంటు, యాసిడ్, సున్నం వల్ల కాలడం
- మూసిన గదిలో పొగ పీల్చడం, గొంతు బొంగురుపోవడం, ఊపిరి కష్టంగా ఉండడం
- బిడ్డ ఏడాది లోపు వయసుదైతే గాయం ఎంత చిన్నదైనా

ఒక్కటి గట్టిగా గుర్తుంచుకోండి. బాగా కాలి కూడా బిడ్డ నొప్పి లేదంటే సంతోషపడొద్దు. లోతుగా కాలినచోట నొప్పి తెలిపే నరాలూ కాలిపోతాయి.

108 కోసం ఎదురుచూసే సమయంలో, ఒంట్లో పెద్ద భాగం కాలకుండా, బిడ్డకు వణుకు, మగత లేకుండా ఉంటే 20 నిమిషాలు నిండేదాకా నీళ్లు పోస్తూనే ఉండండి. కర్నూలు, అనంతపురంలో పెద్దాసుపత్రి, కడపలో రిమ్స్ పెద్ద గాయాలకు వెళ్లే చోట్లు. కానీ మీరు ఆదోని, గుంతకల్లు, ప్రొద్దుటూరు వైపు ఉంటే ముందు అక్కడి ప్రభుత్వ ఆసుపత్రికి పోయి సెలైన్, నొప్పి ఇంజెక్షన్ పెట్టించుకొని, అక్కణ్ణుంచి పంపిస్తే వెళ్లండి. పెద్దగా కాలిన బిడ్డ ఒంట్లోంచి నీరు వేగంగా పోతుంది. దారి పొడవునా సెలైన్ లేకుండా తీసుకెళ్లడం మంచిది కాదు.

వెంట తీసుకెళ్లేవి:

- టీకాల కార్డు. ధనుర్వాతం టీకా ఎప్పుడు పడిందో అడుగుతారు. ఒకటిన్నర ఏడుకు, ఐదారేళ్లకు వేసే బూస్టర్లు చాలామంది మరిచిపోతారు.
- ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు
- ఎన్ని గంటలకు కాలింది, దేనితో కాలింది, ఎంతసేపు నీళ్లు పోశారు, ఏ మందు ఎంత ఇచ్చారు: ఇవన్నీ ఒక కాగితం మీద

6. నీళ్లకంటే ముందు ఇంకో పని, లేదా వేరే జాగ్రత్త ఉన్నవి

కరెంటు: బిడ్డను ముట్టుకోవద్దు. ముందు మెయిన్ ఆపండి. ఆపలేకపోతే పొడి కట్టెతో తీగను నెట్టండి. బయటికి చిన్న మచ్చే కనపడినా లోపల కండ, గుండె దెబ్బతిని ఉండొచ్చు. తప్పకుండా ఆసుపత్రికి.

పొడి సున్నం: నీళ్లు తగలగానే ఇంకా వేడెక్కుతుంది. పొడి గుడ్డతో దులిపి, బట్టలు తీసేసి, తర్వాత ఎక్కువ నీళ్లతో కడగండి.

కంట్లో సున్నం: తాంబూలం సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కుతారు, అది పగిలి కంట్లో చిమ్ముతుంది. చూపు పోయే ప్రమాదం ఇది. రెప్పలు తెరిచి పట్టుకొని అక్కడికక్కడే కనీసం 20 నిమిషాలు నీళ్లు పోయండి, రెప్ప లోపల ఇరుక్కున్న ముక్కలు కడిగిపోవాలి. ఆ వెంటనే కంటి డాక్టరు దగ్గరికి. అవ్వా తాతల ఆకువక్క సంచి పిల్లలకు అందనిచోట పెట్టించండి.

బాత్‌రూమ్ యాసిడ్: ఎక్కువ నీళ్లతో చాలాసేపు కడగాలి. నిమ్మరసం, వంటసోడా లాంటివి కలపొద్దు. మింగితే వాంతి చేయించొద్దు.

బట్టలకు మంట: పరుగెత్తనివ్వొద్దు. నేల మీద పడుకోబెట్టి దొర్లించండి, మందపాటి నూలు దుప్పటి కప్పి ఆర్పండి. ఆరాక నీళ్లు.

7. ఇంటికొచ్చాక

కట్టు తడవకూడదు, మాయకూడదు. రెండు రోజుల్లో మళ్లీ చూపించాలి. మొదటి రోజు చిన్నగా కనిపించిన గాయం రెండో రోజుకు లోతుగా తేలడం మామూలే.

జ్వరం, వాంతులు, ఒంటి మీద దద్దుర్లు, మగత, గాయం నుంచి వాసన, చుట్టూ ఎరుపు పాకడం: వీటిలో ఏది వచ్చినా అపాయింట్‌మెంట్ రోజు కోసం ఆగొద్దు. చిన్న గాయంతో కూడా పిల్లలకు ఒక్కోసారి ప్రాణం మీదికి వచ్చే ఇన్ఫెక్షన్ వస్తుంది.

ఇక పథ్యం. గుడ్డు పెడితే చీము పడుతుందని, పప్పు తింటే పుండు మానదని మన దగ్గర గట్టి నమ్మకం. చర్మం మళ్లీ పెరగాలంటే కావాల్సిందే ఆ మాంసకృత్తులు. గుడ్డు, పాలు, పప్పు, వేరుశనగ చిక్కీ, రాగి సంగటి అన్నీ పెట్టండి. కాలిన బిడ్డకు మామూలుకంటే ఎక్కువ తిండి కావాలి.

వేళ్లు కాలితే వేటికవి విడిగా కట్టించండి. మోచెయ్యి, మోకాలు దగ్గర కాలితే బిడ్డ నొప్పికి ముడుచుకొనే పడుకుంటుంది. అలాగే మానితే కీలు ముడుచుకుపోతుంది. ఎలా చాపాలో, రోజుకు ఎన్నిసార్లు ఆడించాలో డాక్టరును అడిగి ఆ ప్రకారం చేయించండి. మూడు వారాలకూ మానకపోతే ప్లాస్టిక్ సర్జన్‌కు చూపించాలి.

పూర్తిగా మానాక దురద పెడుతుంది. అప్పుడు కొబ్బరి నూనె రాయొచ్చు. కొత్త చర్మాన్ని కనీసం ఒక ఏడాది మన ఎండ నుంచి పొడుగు చేతుల నూలు చొక్కాతో కాపాడండి.

8. కాలకుండా: ఇల్లు చూసుకునే వరుస

నేల మీద కూర్చొని మీ బిడ్డ ఎత్తు నుంచి ఇల్లు చూడండి. ఏది చేతికందుతుందో అప్పుడు తెలుస్తుంది.

వంటింట్లో:

- అన్నం వార్చేటప్పుడు, సంగటి కెలికేటప్పుడు పిల్లలు గడప అవతలే. కెలికేటప్పుడు గిన్నెను కాళ్ల మధ్య పట్టుకొని కింద కూర్చుంటాం కదా, వెనకనుంచి వచ్చి మీద పడే వయసు పిల్లలు ఉంటే ఆ కాసేపు ఇంకొకరు చూసుకోవాలి.
- వేడి గిన్నెలు నేల మీద దించొద్దు. బండ మీద లోపలికి జరిపి పెట్టండి. పెనం పిడి గోడవైపు తిప్పండి.
- ఒక చేత్తో బిడ్డ, ఇంకో చేత్తో టీ గ్లాసు వద్దు. పోసిన 15 నిమిషాల తర్వాత కూడా టీ పసిపిల్లల చర్మాన్ని కాల్చగలదు.
- వేలాడే టేబుల్ గుడ్డ, మిక్సీ వైరు, ఇస్త్రీ పెట్టె వైరు తీసెయ్యండి.
- బాణలిలో నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యొద్దు. స్టవ్ ఆపి మూత పెట్టండి.
- గ్యాస్ వాసన వస్తే స్విచ్ ముట్టొద్దు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, బయటికొచ్చి 1906కి ఫోన్ చెయ్యండి.

స్నానం దగ్గర:

60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే 5 సెకన్లలో లోతుగా కాలుస్తాయి. పిల్లల చర్మం అంతకంటే పల్చన. బకెట్‌లో ముందు చన్నీళ్లు, ఆ తర్వాత వేడి నీళ్లు. తిరగేసి పొయ్యొద్దు. కలిపాక మోచేతితో చూడండి. చంటిబిడ్డకు కాళ్ల మీద వేసుకొని నీళ్లు పోసే పెద్దామె అరచెయ్యి ఏళ్లతరబడి పనిచేసి మొద్దుబారి ఉంటుంది. ఆమెకు గోరువెచ్చన అనిపించింది బిడ్డకు మంట కావొచ్చు. ఆమె పొయ్యకముందు మీ మోచెయ్యి పెట్టండి.

హీటర్ రాడ్ పెట్టిన బకెట్ ఉన్న గదికి బయట గడియ పెట్టండి. స్విచ్ ఆపి ప్లగ్ పీకాకే నీళ్లు ముట్టాలి. గీజర్ 50 డిగ్రీలు దాటనివ్వొద్దు. స్నానమయ్యాక వేసే సాంబ్రాణి కుంపటి బిడ్డ ఉయ్యాల కింద పెట్టే అలవాటు మానెయ్యండి.

వాతలు: పొట్ట ఉబ్బరానికో, కామెర్లకో, ఫిట్స్‌కో బిడ్డకు వాత పెట్టిస్తామంటే ఒప్పుకోవద్దు. అది ఏ జబ్బునూ తగ్గించదు. ఒంటి మీద కొత్తగా ఒక కాలిన పుండు పెడుతుంది, అసలు జబ్బుకు డాక్టరు దగ్గరికి పోయే సమయం తినేస్తుంది.

9. ఎండాకాలం, పండుగలు

మే నెల మధ్యాహ్నం మిద్దె మీది కడప బండలు, వీధి అరుగులు, పార్కులో ఇనుప జారుడుబల్ల పసివాళ్ల పాదాలను, తొడలను కాలుస్తాయి. నడక నేర్చే పిల్లలకు తప్పించుకొని పక్కకు పోవాలని తెలియదు, నిలబడి ఏడుస్తారు. చెప్పులు లేకుండా మిద్దెకు పంపొద్దు. బైక్ ఆపగానే సైలెన్సర్ వైపు నుంచి బిడ్డను దించొద్దు. ఎండలో నిలిపిన కారులో సీటు బెల్టు బకిల్ ముట్టుకొని చూశాకే కూర్చోబెట్టండి.

అనంతపురం జిల్లా గూగూడు లాంటి చోట్ల, మన ఊళ్లలోనూ పీర్ల పండుగకు నిప్పుల గుండం తవ్వుతారు. పైన బూడిద తెల్లగా ఆరినట్టు ఉన్నా లోపల నిప్పు మరునాటికీ ఉండొచ్చు. గుండం పూడ్చేదాకా, పూడ్చాక కూడా పిల్లలను అటు వదలొద్దు. ఊళ్లో పెద్దలతో చెప్పి చుట్టూ కట్టెలు కట్టించండి.

దీపావళికి నూలు బట్టలు, కాళ్లకు చెప్పులు, పక్కన నీళ్ల బకెట్. కాలిన కాకరపువ్వొత్తి తీగలు నేల మీద పారేస్తే తర్వాత వచ్చే పాదమే తొక్కుతుంది. బకెట్‌లో వెయ్యండి. పేలని టపాకాయ దగ్గరికి మళ్లీ పోనివ్వొద్దు.

10. వంటింటి తలుపు వెనక అంటించే కాగితం

ఇంట్లో అందరికీ కనపడేలా పెద్ద అక్షరాలతో రాసి అంటించండి. మీరు లేనప్పుడు బిడ్డను చూసుకునే అవ్వకు, అత్తకు ఒకసారి చదివి వినిపించండి.

- బట్టలు, తాళ్లు, గాజులు తియ్యి
- నీళ్లు 20 నిమిషాలు, ముందు నీ చేతి మీద పోసి చూడు
- ఏమీ రాయకు, బొబ్బ చిదమకు
- నూలు గుడ్డ కప్పు
- 108
- బిడ్డ బరువు: … కిలోలు, సిరప్: … మిల్లీలీటర్లు
- బండి ఉన్న పక్కింటివాళ్ల నంబరు: …

బరువు దగ్గర పెన్సిల్‌తో రాయండి. మూడు నెలలకోసారి మార్చాల్సి వస్తుంది.